అతి మందగతి మోర్స్ సంకేతాలు – వాటిని చదివే ప్రోగ్రాము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

రజతోత్సవ సందర్భంలో ఏదైనా ఒక శాస్త్ర విషయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను ఎంచుకొన్న విషయం చెప్పగానే వారు నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, "లోకమంతా వేగం కోసం పరుగులు తీస్తూ ఉంటే, మీరు మెల్లగా పంపడానికి యంత్రం తయారు చేస్తున్నారా?" అన్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పుకోవలసిన అవసరం నాకు మరొక విధంగా కూడా ఉన్నది. మన పఠన మందిరంలోని కంప్యూటరును రాత్రివేళల నాకు, నాతో పని నేర్చుకొంటున్న నలుగురు విద్యార్థులకు ఇవ్వవలసిందని నేను పెట్టుకొన్న అర్జీ కార్యవర్గం వారి ముందు ఉన్నది. ఇద్దరు సభ్యులు దానికి అభ్యంతరం చెప్పినారని విన్నాను. వారిద్దరూ ఈ సభలోనే ఉన్నారు. కనుక ఈ ప్రసంగాన్ని కొంతవరకు నా వాదనగా కూడా భావించవలెనని మనవి.

పిన్నల కోసం ముందుగా మోర్స్ సంకేతమంటే ఏమిటో చెప్పవలసి ఉన్నది. ఇంగ్లీషులోని ఒక్కొక్క అక్షరానికి కొన్ని చుక్కలు, కొన్ని గీతలు. చుక్క అంటే క్షణికమైన శబ్దం. గీత అంటే దానికి మూడు రెట్లు సాగిన శబ్దం. టెలిగ్రాము అనే మాట వినగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిన కాలం పెద్దలకు జ్ఞాపకమే. మన దేశంలో ఆ టెలిగ్రాముల వ్యవస్థ 2013 జూలైలో ముగిసిపోయినది. మన పార్వతీపురం మీదుగా విజయనగరాన్ని రాయపూరుతో కలిపిన రైలుమార్గం 1931లో పూర్తి అయినది. ఆ మార్గంలోని స్టేషన్లలో చాలాకాలం బండి రాకపోకల కబురంతా తంతి మీట మీదనే నడిచినది. మా మేనమామగారు ఆ మార్గంలో తంతి పని చేసినవారే. బల్ల మీద వేలితో తాళం వేస్తూ అక్షరాలు నేర్పిన గురువు నాకు ఆయనే. ఆయన సంగతి మళ్ళీ చెబుతాను.

తంతి ఆఫీసులు మూతపడినా మోర్స్ మాత్రం బ్రతికే ఉన్నది. హామ్ రేడియో అని పిలిచే ఔత్సాహిక రేడియోవారు దానిని విడువలేదు. ప్రభుత్వంవారి పరీక్ష నెగ్గి, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా వినోదానికీ విజ్ఞానానికీ ఒకరితో ఒకరు రేడియో తరంగాల మీద మాట్లాడుకొనేవారు వీరు. వారికి సంక్షిప్త సంకేతాలు కొన్ని ఉన్నవి. వాటిలో 'క్యూ ఆర్ ఎస్' అంటే 'కొంచెం మెల్లగా పంపండి' అని అర్థం. దాని చివర మరొక 'ఎస్' తగిలించి, 'క్యూ ఆర్ ఎస్ ఎస్' అని ఒక కొత్త పేరు పుట్టించినారు. కొంచెం మెల్లగా కాదు, మరీ మరీ మెల్లగా అన్నమాట.

ఎంత మెల్లగా? మన దేశపు హామ్‌లలో అందరికీ తెలిసిన పిలుపు గుర్తు ఒకటి తీసుకొందాం. మాజీ ప్రధాని కీర్తిశేషులు రాజీవ్ గాంధీగారు స్వయంగా హామ్. వారి గుర్తు వీ-యూ-రెండు-ఆర్-జీ. 'వీ యూ' అనేది మన దేశానికి కేటాయించిన ఆది అక్షరాల జంట. ఈ అయిదు గుర్తులను, వాటి నడుమ విరామాలను, చుక్క కొలతతో కొలిస్తే మొత్తం 59 చుక్కల కాలం పడుతుంది. నిమిషానికి 12 మాటలు పంపే మామూలు పనివాడు ఒక్కొక్క చుక్కకు సెకనులో పదవ వంతు తీసుకొంటాడు. కాబట్టి ఆరు సెకన్లలో ఆ గుర్తు పూర్తి అవుతుంది. మందగతి పద్ధతిలో వాడుకలో ఉన్న చుక్క మూడు సెకన్లు. ఆ లెక్కన అదే గుర్తుకు మూడు నిమిషాలు. మరికొందరు చుక్కకు ఒక నిమిషం చొప్పున పంపుతారు. అప్పుడు అయిదు గుర్తులకు 59 నిమిషాలు! ఒకరి పేరు చెప్పడానికి గంటసేపు. మా ఇంట్లో ఈ లెక్క చెప్పినప్పుడు, ఆ లోపల పార్వతీపురం వెళ్ళి వారినే పిలుచుకొని రావచ్చునన్నారు.

ఇంత ఆలస్యం ఎందుకు అంటే, ఆలస్యానికి బదులుగా ఒక గొప్ప వస్తువు లభిస్తున్నది గనుక. ఏజెన్సీ సంత రోజున నిలబడి చూడండి. చింతపండు, కొండచీపుళ్ళు, అల్లం, పసుపు. బేరాలు, కేకలు, లారీల హారన్లు. ఆ గోలలో సంత ఆ చివరనుండి ఒక పిల్లవాడు ఒక్క క్షణం సన్నగా ఈల వేస్తే మీకు వినబడదు. ఆ పిల్లవాడే అదే స్వరాన్ని మార్చకుండా, ఆపకుండా ఊదుతూ ఉంటే కొంతసేపటికి మీ చెవి దానిని పట్టుకొంటుంది. గోల ఎంత పెద్దదైనా నిలకడ లేనిది, క్షణానికొక తీరు. ఈల చిన్నదైనా నిలకడ గలది. కాలం గడిచినకొద్దీ నిలకడగలది పోగుపడుతుంది. నిలకడ లేనిది కూడా కొంత పోగుపడుతుంది కాని అంత త్వరగా పోగుపడదు. గణిత భాషలో చెప్పవలెనంటే, వినే కాలం 30 రెట్లు చేస్తే సంకేతపు ఎత్తు 30 రెట్లు పెరుగుతుంది. రొద ఎత్తు దాదాపు అయిదున్నర రెట్లు మాత్రమే పెరుగుతుంది. ఫలితం ఏమంటే, మామూలు వేగంతో పంపడానికి 3 వాట్లు కావలసిన చోట, చుక్కను సెకనులో పదవ వంతు నుండి మూడు సెకన్లకు సాగదీస్తే, వాటులో పదవ వంతుతో సరిపోతుంది. ఒక చిన్న చేతిదీపపు బల్బుకు కావలసిన శక్తి కూడా అంతకంటె ఎక్కువే. ఆ పాటి శక్తితో, ఆకాశం అనుకూలించిన రాత్రి, సముద్రాలు దాటి సంకేతం వెళుతున్నది.

ఈ పద్ధతికి మొదట పుట్టినిల్లు దీర్ఘతరంగాలు. 136 కిలోహెర్ట్జుల దగ్గర తరంగపు పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. దానికి తగిన ఏరియల్ కట్టడం సామాన్యుని తరం కాదు. పెరటిలో కట్టిన తీగ నుండి బయటికి పోయే శక్తి అత్యల్పం. ఐరోపాలో 1990లనాటి చివరి సంవత్సరాలలో ఆ తరంగాల మీద పని చేయడానికి హామ్‌లకు అనుమతి దొరికినప్పుడు, బలం పెంచే మార్గం లేక కాలాన్ని పెంచినారు. 2007లో జరిగిన ప్రపంచ రేడియో మహాసభ ఆ తరంగాలను అన్ని దేశాల హామ్‌లకూ కేటాయించదగినవిగా నిర్ణయించినది. నేడు మందగతి పనివారు ఎక్కువగా చేరే చోటు 10.140 మెగాహెర్ట్జుల పరిసరం. అక్కడ వంద హెర్ట్జుల ఇరుకు సందులో పదుల కొలది కేంద్రాలు ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతవి. మనిషి గొంతుతో మాట్లాడే ఒక్క కేంద్రానికి దీనికి ఇరవై రెట్లకు పైగా చోటు కావలె.

ఇక్కడ ఒక పాత కథ చెప్పక తప్పదు. 1858లో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున మొదటి తంతి తీగ వేసినారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునికి పంపిన 98 మాటల సందేశం ఆ తీగ మీద చేరడానికి సుమారు 16 గంటలు పట్టినది. రెండు వేల మైళ్ళ తీగలో సంకేతం అంతగా నీరసించిపోయేది. దానిని చదవడానికి విలియం థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు, తరువాత లార్డ్ కెల్విన్ అని పేరొందినవాడు, ఒక సూక్ష్మమైన సాధనం కల్పించినాడు. తీగలో ప్రవాహం ఏ కొంచెం వచ్చినా ఒక చిన్న అద్దం కదులుతుంది. అద్దం మీది కాంతి గోడ మీద జరుగుతుంది. పనివాడు ఆ కాంతిబిందువును కంటితో చూసి అక్షరాలు వ్రాసుకొంటాడు. అంటే మందగతి సంకేతాన్ని చెవితో గాక కంటితో చదవడం మనం కనిపెట్టినది కాదు. అదే తీగ మీద వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే మరొక పెద్దమనిషి ఉండేవాడు. సంకేతం బలహీనంగా ఉన్నదా, అయితే విద్యుత్తు పెంచండి అన్నాడు. దాదాపు రెండు వేల వోల్టులు ఎక్కించినాడు. తీగ కొద్ది వారాలలోనే మూగపోయినది.

ఇప్పుడు ప్రోగ్రాము సంగతికి వస్తాను. మూడు సెకన్ల చుక్కను చెవి చుక్కగా గుర్తించలేదు. చెవికి అది ఒక నిడుపాటి కూత; అదీ రొదలో మునిగిన కూత. కాబట్టి రేడియో నుండి వచ్చే శబ్దాన్ని కంప్యూటరుకు ఇచ్చి, శబ్దాన్ని బొమ్మగా మార్చవలె. బొమ్మలో ఎడమ నుండి కుడికి కాలం నడుస్తుంది. క్రింది నుండి పైకి స్వరస్థాయి, మన బడి పుస్తకాల భాషలో పౌనఃపున్యం, పెరుగుతుంది. ఎక్కడ శక్తి ఎక్కువ ఉంటే అక్కడ బొమ్మ వెలుగుతుంది. రొద అంతటా చల్లిన ఇసుకవలె కనబడుతుంది. సంకేతం దానిలో సన్నని గీతగా తేలుతుంది. పొట్టి గీత చుక్క. పొడుగు గీత గీత.

శబ్దాన్ని ఇట్లా స్వరాలుగా విడదీసే గణితానికి మూలపురుషుడు ఫ్రెంచి పండితుడు ఫూరియే. 1822లో ఉష్ణాన్ని గురించి ఆయన వ్రాసిన గ్రంథంలోని మార్గమే ఇది. కాని లెక్క పెద్దది. నా ప్రోగ్రాములో శబ్దాన్ని సెకనుకు 11,025 సార్లు కొలుస్తాను. మూడు సెకన్లకు కొంచెం తక్కువగా 32,768 కొలతలు పోగవుతవి. ఒక్కొక్క స్వరానికీ అన్ని కొలతలనూ గుణించి కూడితే, ఒక్క నిలువు వరుస గీయడానికి 107 కోట్ల గుణకారాలు. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు అమెరికా పండితులు ప్రకటించిన ఉపాయంతో ఆ లెక్క సుమారు అయిదు లక్షలకు దిగుతుంది. చేసిన పనిని మళ్ళీ చేయకుండా, సగం సగంగా విడగొట్టి పంచుకోవడమే అందులోని కిటుకు. ఇదే కిటుకు జర్మనీ దేశపు గౌస్ 1805 ప్రాంతంలోనే కనిపెట్టి, అచ్చువేయకుండా కాగితాలలో ఉంచుకొన్నాడట! ఆ మూడు సెకన్ల వినికిడి ఫలితంగా ప్రోగ్రాముకు హెర్ట్జులో మూడవ వంతు తేడాగల రెండు స్వరాలను వేరు చేసే శక్తి వస్తుంది. ఇంకా సన్నగా చూడవలెనంటే ఇంకా ఎక్కువసేపు వినవలె. దీనికి దగ్గరి దారి లేదు.

ఈ పని చేసే ప్రోగ్రాములు లోకంలో ఇదివరకే ఉన్నవి. ఇటలీవారి 'ఆర్గో', జర్మనీవారి 'స్పెక్ట్రమ్ ల్యాబ్' ప్రసిద్ధమైనవి, రెండూ ఉచితమే. హామ్‌లు తమ తీరికవేళల వ్రాసి లోకానికి ఇచ్చినవే. ఉన్నవి ఉండగా నేను మరొకటి ఎందుకు మొదలుపెట్టినాను? వ్రాస్తేగాని నాకు అర్థం కాదు గనుక. మొదటి కారణం అంతే; రెండవది తరువాత కలిగినది.

పంపే ప్రోగ్రాము వ్రాయడం సులభమనుకొన్నాను. కంప్యూటరుతో 'మూడు సెకన్లు ఆగు, మీట వదులు, మూడు సెకన్లు ఆగు, మీట నొక్కు' అని చెప్పినాను. బొమ్మలో చూస్తే గంట గడిచేసరికి సంకేతం వేళ తప్పి నాలుగు చుక్కల దూరం వెనుకబడి ఉన్నది. ఆగమన్న ప్రతిసారీ యంత్రం తన ఇతర పనుల మధ్య సెకనులో నూరవ వంతు ఎక్కువ ఆగుతున్నది. గంటకు పన్నెండు వందల చుక్కల కాలాలు. పన్నెండు సెకన్ల పొరపాటు. మేనమామగారికి చెబితే నవ్వినారు. "బండి ఎనిమిదో స్టేషనుకు ఎప్పుడు చేరవలెనో ఏడో స్టేషను నుండి లెక్కపెడతావా? వేళాపట్టిక చూసి లెక్కపెడతావా?" అన్నారు. ఆ రాత్రే ప్రోగ్రాము మార్చినాను. ప్రతి చుక్కకూ మొదలు పెట్టిన క్షణం నుండి లెక్కించిన వేళ ఒకటి నిర్ణయమై ఉంటుంది. ఒక చుక్క ఆలస్యమైనా తరువాతి చుక్క తన వేళకు తాను వస్తుంది. ఇప్పుడు పది నిమిషాలకు ఒక మాటుగా, గడియారం ముల్లుతో సరిగా సందేశం మొదలవుతుంది. దానివల్ల మరొక లాభం కలదు. దూరాన ఉన్నవారు పది నిమిషాల బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, ఒక్క బొమ్మలో కనబడని సంకేతం కూడా పైకి తేలుతుంది.

వినే పక్షంలో నేను పడిన అవస్థ మరొక రకమైనది. పది మెగాహెర్ట్జుల దగ్గర ఒక హెర్ట్జు అంటే కోటిలో ఒక వంతు. రేడియోలోని స్ఫటికం అంత నిలకడగా ఉండవలె. మార్గశిర మాసంలో ఒక రాత్రి కిటికీ పక్కన రేడియో పెట్టుకొని కూర్చున్నాను. కొండల మీదినుండి మంచు దిగినకొద్దీ బొమ్మలోని గీతలన్నీ ఏటవాలుగా జారిపోసాగినవి. పంపేవారి యంత్రంలో దోషమున్నదని తలచి వారిని మనసులో నిందించినాను. అన్ని గీతలూ ఒక్క తీరుననే జారుతున్నవి గదా, దేశదేశాల యంత్రాలన్నిటికీ ఒక్కసారే జబ్బు చేస్తుందా అన్న ఆలోచన చాలా ఆలస్యంగా తట్టినది. దోషం నా రేడియోది. చలికి అది వణుకుతున్నది. ఒక పాత మట్టికుండలో రేడియో పెట్టి, చుట్టూ ఊక నింపి, మూత పెట్టినాను. గీతలు నిలబడినవి. ఈ చికిత్సకు అయిన ఖర్చు కుండ ఖరీదు మాత్రమే. ఊక ఊరకే దొరికినది.

రెండవ శత్రువు ఇంట్లోనే ఉన్నాడు. ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టరు, ఫోనుల చార్జర్లు అన్నీ రేడియోకు రొద చేసేవే. ఎన్ని వారాలు కూర్చున్నా బొమ్మలో అడ్డదిడ్డమైన తెరలు తప్ప ఏమీ లేదు. గాలివాన వచ్చిన ఒక సాయంకాలం ఊరంతా కరెంటు పోయినది. కంప్యూటరు, రేడియో బ్యాటరీ మీద నడుస్తున్నవి. కొన్ని నిమిషాలలో బొమ్మ మీది తెరలు తొలగినట్లయి, వెనుక నల్లని ఇసుక మీద అయిదారు సన్నని గీతలు, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, వరుసగా వ్రాసుకొంటూ పోతూ కనబడినవి. అవి అంతకుముందు కూడా అక్కడే ఉన్నవి. మన ఇండ్ల వెలుతురు వాటిని కప్పివేసినది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు ఊరివారందరూ సంతోషించినారు. నేను మాత్రం విచారించినాను. ఆ గీతలను శ్రద్ధగా చూస్తే సూర్యాస్తమయ, సూర్యోదయ వేళల అవి కొంచెం వంపు తిరుగుతవి. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున తరంగాన్ని తిప్పి పంపే అయనావరణం ఆ వేళల పైకీ క్రిందికీ కదులుతుంది. ఆ కదలికే వంపు. పార్వతీపురం దాపున కూర్చుని ఆకాశపు పైకప్పు ఊపిరి పీల్చడం చూస్తున్నామన్నమాట.

ఇక మేనమామగారి సంగతి. ఆయనకు ఇప్పుడు చెవులు బొత్తిగా వినబడవు. ముందు వరుసలో కూర్చుని ఉన్నారు గాని నా మాటలు ఆయనకు చేరవు. సంచిక అచ్చైన తరువాత చదువుకొంటారు. ఈ ప్రాంతంవారికి దీనిలో వింత లేదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి సవరల భాష నేర్వడానికి కొండలలో తిరిగినారు. అక్కడి చలిజ్వరానికి క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకొన్నారు. ఆ తరువాత కూడా సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రచించినారు. వినబడని మనిషి ఒక భాషలోని ధ్వనులను అంత సూక్ష్మంగా అక్షరాలలో పెట్టినాడంటే, భాష చెవిలో మాత్రమే ఉంటుందని నేను నమ్మలేను.

నేను ఆయనకు బొమ్మ చూపించినాను. మందగతి సంకేతం ఆయన కళ్ళ ముందే గీత గీతగా వ్రాసుకొంటూ పోతున్నది. ఆయన కొంతసేపు చూసి, ముఖం చిట్లించి, "ఇది మోర్స్ కాదు, ముగ్గు" అన్నారు. నాకు ఆశాభంగమైనది. తరువాత ఆలోచిస్తే ఆయన మాట నిజమే. తంతి పనివాడు చుక్కలు, గీతలు లెక్కపెట్టడు. అక్షరాన్ని ఒక లయగా వింటాడు. లయను మూడు నిమిషాలకు సాగదీస్తే అది లయ కాదు. అప్పుడు ప్రోగ్రాముకు ఒక కొత్త పని నేర్పినాను. మందంగా వచ్చిన సంకేతాన్ని జ్ఞాపకం ఉంచుకొని, అంతా వచ్చిన తరువాత ముప్పై రెట్లు వేగంతో ఒక చిన్న రిలే చేత బల్ల మీద తట్టించడం. ఆయన రిలే మీద చూపుడు వేలు ఆనించినారు. "బడిపిల్లవాడు కొట్టినట్టున్నది" అన్నారు. వేగాన్ని అరవై రెట్లు చేసినాను. వేలు ఆనించి, ఎడమచేతితో కాగితం మీద అక్షరాలు వ్రాయసాగినారు. ఐరోపాలోని ఒక కేంద్రపు పిలుపు గుర్తు అది. పదవీ విరమణ తరువాత ఆయన తీసుకొన్న మొదటి తంతి.

రెండవ మాటు వచ్చినప్పుడు ఆయన వేలు తీసి, "మొదటిసారి ఒక చుక్క తక్కువ వచ్చినది. నీ యంత్రం మింగినది" అన్నారు. పరిశీలించినాను. నిజమే. ఆకాశం క్షీణించిన క్షణంలో ఆ చుక్క మసకగా వచ్చినది. నా ప్రోగ్రాము ఒక హద్దు పెట్టుకొని, హద్దుకు పైన ఉన్నది సంకేతం, క్రింద ఉన్నది శూన్యం అని తీర్పు చెప్పినది. తీర్పు చెప్పడం ప్రోగ్రాము పని కాదని నాకు అప్పుడు తెలిసినది. ఇప్పుడు అనుమానంగా ఉన్న చుక్కను రిలే మెల్లగా తడుతుంది. నిశ్చయమైనదాన్ని గట్టిగా తడుతుంది. అనుమానం అనుమానంగానే మనిషికి చేరుతుంది, నిర్ణయించుకొనేది మనిషి. నేను వ్రాసిన వేల పంక్తులలో నాకు బాగా నచ్చినవి ఈ ఇరవై పంక్తులే.

యంత్రమే పూర్తిగా చదివే పద్ధతులు కూడా ఉన్నవని మీకు దాచను. భౌతికశాస్త్రంలో 1993లో నోబెల్ బహుమానం పొందిన జోసెఫ్ టేలర్ పండితుడు స్వయంగా హామ్. ఆయన 2008లో 'విస్పర్' అనే పద్ధతిని లోకానికి ఇచ్చినాడు. గుసగుస అని దాని అర్థం. 110 సెకన్లకు కొంచెం పైగా నాలుగు స్వరాలు మార్చి మార్చి పంపి, పిలుపు గుర్తును, ఊరి చోటును, శక్తిని కేవలం 50 బిట్లలో ఇమిడ్చి, కొన్ని పోయినా తిరిగి పూరించుకొనే గణితంతో పనిచేస్తుంది. సాధించే ఫలితంలో మా ముగ్గు పద్ధతి దానికి సాటి రాదనే చెప్పవలె. కాని అక్కడ మనిషి చూసేది చివరి పట్టిక మాత్రమే. ఎట్లా చదివినావయ్యా అని అడిగితే యంత్రం చెప్పదు. విద్యార్థులకు నేర్పడానికి నాకు కనబడే గీతే కావలె.

అభ్యంతరం చెప్పిన సభ్యులలో ఒకరు, "దీనివల్ల గ్రామానికి ఏమి ఉపయోగం?" అని అడిగినారట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణం మీద విరుచుకుపడినప్పుడు ఫోనులు మూగపోయిన సంగతి అందరికీ తెలుసు. అటువంటప్పుడు ఇది ఆదుకొంటుందని చెబితే మీరు వెంటనే అనుమతి ఇస్తారు. కాని నేను అట్లా చెప్పను. గంటకు ఒక పేరు పంపే సాధనం, పాము కరిచిన మనిషికి వైద్యుణ్ణి పిలవలేదు. ఆపదలో పనికివచ్చేది మామూలు వేగపు మోర్స్, మాటల రేడియో. వాటిని నేర్చిన మనుషులు. 1983లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వంటివి అటువంటి వారిని తయారుచేసే పనిలో ఉన్నవి. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండ అడ్డమైన చోట సెల్‌ఫోను ఆగిపోవడం మన అనుభవమే. పొట్టి తరంగం కొండను ఢీకొనదు. ఆకాశానికి ఎక్కి అవతల దిగుతుంది. ఆ విద్యకు ఇది ప్రవేశద్వారం. అంతవరకే నేను చెప్పగలను.

మందగతి సందేశం ఎంత చిన్నదిగా ఉండవలెనో మా విద్యార్థులకు నేర్పడానికి నాకు కొత్త ఉదాహరణ వెతకవలసిన పని లేకపోయినది. రామాయణమంతా 'కట్టె, కొట్టె, తెచ్చె' అని మూడు మాటల్లో చెప్పిన జాతి మనది. ఒక అమ్మాయి ఆ మూడు మాటలనే ఇంగ్లీషు లిపిలో పెట్టి చుక్కలు లెక్కగట్టి, ఇంకా పొడుగైనవని, 'తెచ్చె' ఒక్కటి చాలునన్నది. వంతెన కట్టకుండా, యుద్ధం చేయకుండా ఎట్లా తెస్తాడని మిగిలినవారు వాదానికి దిగినారు. ఆ వాదం ఇంకా తేలలేదు.

ఇక అర్జీ విషయం. మేము పఠన మందిరం నుండి ఏమీ ప్రసారం చేయము. ప్రసారానికి ప్రభుత్వ లైసెన్సు కావలె. లైసెన్సు ఉన్నవాణ్ణి నేను, నా యంత్రం మా ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఏరియల్ కూడా అవసరం లేదు. నెదర్లాండ్సు దేశంలోని ట్వెంటే విశ్వవిద్యాలయం వారు 2008 నుండి తమ రేడియోను ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా తిప్పుకొని వినే ఏర్పాటు చేసినారు. మన కంప్యూటరులో వారి రేడియోను 10.140 దగ్గరకు త్రిప్పి, ఆ శబ్దాన్ని మా ప్రోగ్రాముకు ఇస్తే చాలును. రాత్రి ఎనిమిది నుండి పది వరకు, వారానికి మూడు రోజులు. కరెంటు ఖర్చు నేను భరిస్తాను. తాళం చెవి ప్రతిరాత్రి కార్యదర్శిగారి ఇంట్లో అప్పగించి వెళతాము.

ఈ సభ ముగిసిన తరువాత పఠన మందిరంలో బొమ్మ నడుస్తూ ఉంటుంది. రిలే బల్ల మీద ఉన్నది. అభ్యంతరం చెప్పిన ఇద్దరు సభ్యులూ వచ్చి దాని మీద వేలు పెట్టి చూడవలెనని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒక్క గుర్తు పూర్తి కావడానికి మూడు నిమిషాలు పడుతుంది. కూర్చోవడానికి కుర్చీలు వేయించినాము.